ఆ క్యాసెట్లను లైబ్రరీలు తీసుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా అబ్బాయి ఫోన్‌లో పెట్టి ఇచ్చిన పాటలు ఈ నెలంతా వింటున్నాను. ఇంగ్లండ్ గాయని వష్టి బన్యన్ సొంతంగా రాసుకుని పాడిన మొదటి ఆల్బమ్, ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’. గిటారు, ఫిడేలు, పక్కన కూర్చుని పాడుతున్నట్టుండే సన్నని గొంతు. 1968లో ఆమె గుర్రబ్బండి కట్టుకుని లండన్ నుంచి స్కాట్లండ్ దీవులకు బయల్దేరారు. చాలా పాటలు ఆ దారిలో కట్టినవే. 1970 చివర్లో రికార్డు వస్తే కొన్నవాళ్లు కొన్ని వందల మందే. మనసు విరిగి ఆమె పాటే మానేశారు. 2000లో దాన్ని మళ్లీ విడుదల చేశాకే జనం చెవిన పడింది. రెండో ఆల్బమ్ 2005లో చేశారు.

అది విన్నప్పటి నుంచి మా ఇనప్పెట్టెలో ఉన్న క్యాసెట్ గురించి నాకు టెన్షన్ పట్టుకుంది. మా నాన్న జాతరలో కొన్నది. మా వైపు పాటగాడు ఒకాయన సొంతంగా పాటలు కట్టి, డప్పు మీద పాడిన మొదటి క్యాసెట్. అట్ట మీద ఆయన బొమ్మ వెలిసిపోయింది. టేపును ఆనించి పట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయింది. పెన్సిల్ దూర్చి తిప్పితే సగంలో పట్టేసింది. తెగుతుందేమోనని వదిలేశాను. ఇంకో కాపీ దొరుకుతుందేమోనని ఒక లైబ్రరీలో అడిగితే, “క్యాసెట్లు తీసుకోమమ్మా” అన్నారు.

అది వాళ్ల తప్పు కాదు. పుస్తకం అచ్చువేస్తే ఒక ప్రతి కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నాటి చట్టం ఉంది. 1956లో పత్రికలనూ చేర్చారు. పాటల రికార్డులను మాత్రం చేర్చలేదు. తమ దగ్గరున్నదాన్ని పాడవకుండా డిజిటల్‌లోకి ఎక్కించుకునే వీలు 2012 కాపీరైట్ సవరణ ప్రజా గ్రంథాలయాలకు ఇచ్చింది. కానీ ముందు ఆ క్యాసెట్ అక్కడికి చేరాలి కదా!

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు జిల్లాకొక లైబ్రరీలోనైనా ఒక మంచి టేప్ డెక్, ఆ పని తెలిసిన ఒక మనిషిని పెట్టాలి. జనం దగ్గరున్న క్యాసెట్లు అడిగి తీసుకోవాలి. చట్టంలో పాటల రికార్డులను చేర్చమని కేంద్రానికి రాయాలి.

మా ఊరి పాటగాడు ఇప్పుడు లేరు. ఆయన క్యాసెట్ నా దగ్గర గుడ్డలో చుట్టి ఉంది. ఎక్కడికి తెచ్చివ్వాలో ఎవరైనా చెబితే రేపే బస్సెక్కుతాను.

ఇట్లు,
ఉత్తరాంధ్ర నుంచి ఒక పాఠకురాలు