ఆ ఎల్విస్ కార్డు గురించి, మూడో పెట్టె కొన్న అందరికీ

నమస్కారం. మా క్విజ్ కార్డుల మూడో పెట్టె మీ ఇంట్లో ఉంటే ముందు దాన్ని తెరిచి, 47వ నంబరు కార్డు తీసి పక్కన పెట్టండి. వెనకాల ఉన్న జవాబు తప్పు.

కొత్తవాళ్లకి రెండు ముక్కలు. న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్‌లోంచి నేను అమ్మేవి క్విజ్ కార్డులు. పాత అమెరికా చరిత్ర, పాత టీవీ, పాత సినిమా. తెలుగులో, బాగా పెద్ద అక్షరాల్లో. పెట్టెకి 120 కార్డులు. డెబ్బై దాటిన మనవాళ్లు కళ్లజోడు కోసం ఇల్లంతా వెతుక్కోకుండా ఆడుకోవాలని మొదలుపెట్టాను.

గత నెల ఎడిసన్ ఊరి దగ్గర ఒక పెద్దవాళ్ల డే కేర్‌లో మన పెట్టెతో పోటీ పెట్టారు. ప్రశ్నలు చదవడానికి నన్నే పిలిచారు. 47వ కార్డు వచ్చింది: "1956 సెప్టెంబర్ 9న ఎల్విస్ ప్రెస్లీ మొదటిసారి ఎడ్ సలివన్ షోలో పాడినప్పుడు, అతన్ని ప్రేక్షకులకి పరిచయం చేసిందెవరు?" తొంభై దాటిన ఒక పెద్దాయన వెంటనే చెయ్యెత్తి "చార్ల్స్ లాటన్" అన్నారు. వెనక్కి తిప్పి చూస్తే "ఎడ్ సలివన్" అని ఉంది. "తప్పండీ బాబాయ్ గారూ" అన్నాను. వెనక వరసలోంచి ఎవరో "షో పేరులోనే జవాబుంది కదండీ!" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన వాదించలేదు. చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టేసి, చివరిదాకా ఇంకో ప్రశ్నకి చెయ్యెత్తలేదు.

మర్నాడు ఆయన కోడలు ఫోన్ చేసింది. ఆయన 1955లో చదువుకోడానికి వచ్చారట. అద్దెకున్న ఇంటి ఓనరమ్మ హాల్లో, ఆదివారం రాత్రి, కార్పెట్ మీద కూర్చుని ఆ షో చూశారట. "లావుపాటి ఇంగ్లిష్ నటుడొకాయన వచ్చి పరిచయం చేశాడని మామయ్య గారు రాత్రంతా అంటూనే ఉన్నారు. మీరొకసారి చూస్తారా?"

చూశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఆగస్టులో సలివన్‌కి కారు ప్రమాదం జరిగింది. కోలుకుంటున్నాడు కాబట్టి ఆ రాత్రి న్యూయార్క్ స్టూడియోలో షో నడిపింది లాటన్. ఎల్విస్ అసలు న్యూయార్క్‌లోనే లేడు, లాస్ ఏంజెలెస్‌లో సీబీఎస్ స్టూడియో నుంచి పాడాడు. సుమారు 6 కోట్ల మంది చూశారని లెక్క. అందులో ఒకాయన నా ఎదురుగా కూర్చుని ఉంటే, "తప్పండీ" అన్నాను.

ఇక్కడ కొంచెం కోపంగా రాస్తాను, ఏమీ అనుకోకండి. నేను ప్రశ్నల్ని ఇంగ్లిష్‌లో టోకుగా కొని తెలుగులో రాస్తాను. అమ్మే ఆయన "ప్రతి జవాబూ రెండుసార్లు సరిచూశాం" అని చెప్పి, ఆ సరిచూడ్డానికే ఎక్కువ డబ్బు తీసుకున్నాడు. విషయం మెయిల్ పెడితే వచ్చిన జవాబు ఇదీ: షో పేరు ఎడ్ సలివన్ షో కాబట్టి మా సమాధానం సమంజసమే, పైగా మీ కస్టమర్లంతా వయసు మళ్లినవాళ్లు, అంత లోతుగా ఎవరు పట్టించుకుంటారు?

వయసు మళ్లినవాళ్లే నాయనా పట్టించుకునేది. నువ్వు ఎక్కడో చదివి రాశావు, వాళ్లు చూశారు. 48వ కార్డులో ఆ రాత్రి ఎల్విస్‌ని నడుం పైనుంచే చూపించారని రాసింది కూడా ఈయనే. అది మూడోసారి వచ్చినప్పుడు, 1957 జనవరి 6న. ఆయనతో నా లెక్కలు అయిపోయాయి. క్షమించమని ఒక్క మాట రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, అది కూడా చెప్పాలి.

తర్వాత మూడు రాత్రులు నేనూ మా ఆయనా కూర్చుని 120 కార్డులూ చూశాం. మొత్తం ఆరు తప్పులు తేలాయి. 1959 ఆగస్టులో హవాయి అమెరికాలో రాష్ట్రంగా చేరగానే జెండాలో 50 నక్షత్రాలు వచ్చేశాయని ఒకటి. నిజానికి ఆ జెండా ఎగిరింది 1960 జులై 4న. కాసాబ్లాంకాలో "ప్లే ఇట్ అగైన్, శామ్" అన్నదెవరని ఇంకొకటి. ఆ సినిమాలో ఆ మాట అలా ఎవరూ అనరు. చంద్రుడి మీద కాలు పెట్టిన తేదీ మీద మాత్రం గొడవ పడకండి. ఇక్కడ టీవీలో చూసినవాళ్లకి అది 1969 జులై 20 రాత్రి, గుంటూరులో రేడియో దగ్గర కూర్చున్నవాళ్లకి 21 పొద్దున. రెండింటికీ మార్కు ఇవ్వండి.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. అప్పటికే 340 పెట్టెలు వెళ్లిపోయాయి. "నాలుగో పెట్టెలో చిన్న చీటీ పెడదాం, అడిగినవాళ్లకి చెబుదాం" అన్నాడు మా ఆయన. ఖర్చు లెక్క చూస్తే నాకూ అదే నయమనిపించింది. దాదాపు సరేనన్నాను. పెట్టె సర్దుతుంటే 88వ కార్డు పైకొచ్చింది, ట్వంటీ వన్ క్విజ్ షో కార్డు. 1956 డిసెంబర్‌లో పోటీదారు హెర్బ్ స్టెంపెల్‌ని ఓడిపొమ్మని షో నడిపేవాళ్లే చెప్పారు. 1955కి ఉత్తమ చిత్రం ఆస్కార్ దేనికొచ్చిందని ప్రశ్న. జవాబు మార్టీ, అతనికి ఎంతో ఇష్టమైన సినిమా. తెలిసి తెలిసి ఆన్ ద వాటర్‌ఫ్రంట్ అన్నాడు. గెలిచిన చార్ల్స్ వాన్ డోరెన్ 1959లో కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు, అంతా ముందే చెప్పి ఆడించిన ఆటేనని. ఆ కార్డు రాసినప్పుడు ఆ షో వాళ్లని ఎంత తిట్టుకున్నానో గుర్తొచ్చింది. చీటీ ఆలోచన అక్కడితో ఆగింది.

కాబట్టి ఆరు కొత్త కార్డులూ అచ్చు వేయించి 340 ఇళ్లకీ ఉచితంగా పంపుతున్నాను. అడ్రసు మారినవాళ్లు ఈ నెలాఖరులోగా చెప్పండి. డబ్బు వాపసు కావాలన్నా ఇస్తాను. నాలుగో పెట్టెకి ప్రశ్నలన్నీ నేనే రాసుకుంటున్నాను కాబట్టి మూడు నెలలు ఆలస్యం, ధర రెండు డాలర్లు ఎక్కువ.

ఒక్క సలహా మాత్రం తీసుకోను. "ఈ తలనొప్పంతా ఎందుకు, హాయిగా ఎన్టీఆర్, సావిత్రి కార్డులు వెయ్యొచ్చుగా" అని ముగ్గురు రాశారు. వెయ్యను. సావిత్రి గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. 1965 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ జాన్సన్ లిబర్టీ దీవిలో సంతకం పెట్టిన ఇమిగ్రేషన్ చట్టం తర్వాత వచ్చిన మన డాక్టర్లు, ఇంజినీర్లు ఇక్కడ యాభై ఏళ్లకి పైగా బతికారు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి టీవీలో జానీ కార్సన్ షో చూసి పడుకున్నారు. 1983 ఫిబ్రవరి 28న, కొరియా యుద్ధం మీద తీసిన మ్యాష్ సీరియల్ చివరి ఎపిసోడ్ కోసం పప్పు పొయ్యి మీదే మాడిపోయిందని ఒక ఆంటీ ఇప్పటికీ చెబుతుంది. కొరియా యుద్ధం మూడేళ్లయితే ఆ సీరియల్ పదకొండేళ్లు నడిచిందని లెక్క కూడా ఆవిడే చెప్పింది. ఇవన్నీ వాళ్లని ఎవరడుగుతారు?

పోయిన శనివారం కొత్త 47వ కార్డు తీసుకుని బాబాయ్ గారింటికి వెళ్లాను. ముందు వెనక జవాబు చూశారు, తర్వాత నన్ను. "ఆ ఓనరమ్మకి ఎల్విస్ అంటే పడేది కాదు, మధ్యలో టీవీ కట్టేయబోతే నేనే ఆపాను" అన్నారు. నాలుగో పెట్టె అచ్చుకి వెళ్లేముందు మీరు చూస్తారా అని అడిగాను. డబ్బొద్దన్నారు కానీ ఒక షరతు పెట్టారు: ఓడెక్కి బోస్టన్ వచ్చిన భీమవరం శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు మీద ఒక కార్డు ఉండాలి. వేస్తున్నాను. మొదటి ముప్ఫై కార్డులు నిన్న తిరిగొచ్చాయి. నాలుగింటి మీద పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టారు.