‘తల మీద కొట్టు’ అని అరవకండి

సంపాదకులకు,

ఈ మధ్య మీ జిల్లా పేజీలో పిల్లల తైక్వాండో పోటీల ఫోటో వేశారు. ఒక పాప కాలు ఎదుటి పాప హెడ్‌గార్డ్‌కు తగులుతున్న ఫోటో. చూడటానికి బాగుంది. కానీ తన్నిన పాప చేతులు రెండూ వెనక్కి వేలాడుతున్నాయి. తన్ను తిన్న పాపవీ అంతే.

నేను ఆటోనగర్‌లో లేత్ పని చేసుకుంటూ సాయంత్రాలు పిల్లలకు తైక్వాండో నేర్పుతుంటాను. మన దగ్గర పోటీ ఎక్కడ పెట్టినా తల్లిదండ్రుల నుంచి ఒకటే కేక, ‘తల మీద కొట్టు’ అని. కొందరు కోచ్‌లూ అదే అరుస్తారు. తలకు మూడు పాయింట్లు కదా! ఆ లెక్క పాతబడింది. ఒకప్పుడు చెస్ట్‌గార్డ్ మీద మామూలు కిక్‌కు ఒక్క పాయింటే. 2017 నుంచి ఈ ఆట అంతర్జాతీయ సంస్థ వరల్డ్ తైక్వాండో దాన్ని రెండు చేసింది. అంటే పొట్ట మీద రెండు మామూలు రౌండ్ కిక్‌లు పడితే నాలుగు, తలకు ఒకటి తగిలితే మూడు. పదేళ్ల పిల్లకు ఈ రెంటిలో ఏది సులువో వేరే చెప్పాలా?

పై కిక్ గురి తప్పితే ఏమవుతుందో ఎవరూ చూడరు. కాలు తల ఎత్తుకు లేపాలంటే నడుము వెనక్కి వాలుతుంది, బ్యాలెన్స్ కోసం ఆ వైపు చెయ్యి కిందికి పోతుంది. పక్కటెముకలు మొత్తం తెరుచుకుంటాయి. ఎదుటివాళ్లు సరిగ్గా అప్పుడే వెనక్కి తిరిగి బ్యాక్ కిక్ పెడితే, ఒళ్లు తిప్పి కొట్టిన కిక్ కాబట్టి నాలుగు పాయింట్లు. మన పిల్ల కింద పడితే గామ్‌జమ్, అంటే పెనాల్టీ, ఇంకో పాయింటూ వాళ్లకే.

అలాగని చెయ్యి కిందికి ఉంటే గార్డ్ లేనట్టు కాదు. బాక్సింగ్ చూసే నాన్నలు దీనికే గొడవపడతారు. ఇందులో ముఖం మీద గుద్దకూడదు కాబట్టి రెండు పిడికిళ్లూ చెంపల దగ్గర పెట్టుకోవాల్సిన పని లేదు. ముందు చెయ్యి పక్కటెముకలకు అడ్డంగా కిందికి, వెనక చెయ్యి గడ్డం దగ్గర. నేను నేర్పేది ఇదే. కిక్ కొట్టేటప్పుడు కూడా ఆ వెనక చెయ్యి కదలకూడదు. కాలు కింద పెట్టగానే ఒక అడుగు జరగాలి, అక్కడే నిలబడితే ఎదురు కిక్ తప్పదు. ముందు కాలు లేపి గాల్లోనే ఉంచి అడ్డుకోవడం కొందరు తెలివి అనుకుంటారు. మూడు సెకన్లు దాటితే దానికీ గామ్‌జమే.

చిన్న పోటీల్లో కిక్ తగిలిందో లేదో తామే పట్టేసే సెన్సర్లు ఉండవు. పొట్ట మీద పడిన కిక్ జడ్జిల కంట పడదు, తలకు తగిలింది మాత్రం హాలంతా చూస్తుంది. పిల్లలు తల వెంట పడటానికి ఇదీ ఓ కారణమే. అందుకే నిర్వాహకులను అడుగుతున్నా: స్థానిక పోటీల్లో పన్నెండేళ్ల లోపు వాళ్లకు తల కిక్‌కూ రెండు పాయింట్లే ఇవ్వండి. జడ్జిలను రెండు వైపులా కూర్చోబెట్టండి.

ఇంకొకటి. ఒకే హెడ్‌గార్డ్‌ను నలుగురు పిల్లలకు మార్చి మార్చి తొడుగుతున్నారు. సైజు సరిపోక అది కళ్ల మీదికి జారుతుంది. పట్టీ బిగువుగా ఉందో లేదో రిఫరీ స్వయంగా లాగి చూడాలి, వదులుగా ఉంటే బౌట్ మొదలుపెట్టకూడదు.

– ఒక తైక్వాండో శిక్షకుడు, ఆటోనగర్, విజయవాడ