నూనె ఎప్పుడు కలిపారో కూడా రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఆరోగ్యం పేజీలో ఈమధ్య ఎసెన్షియల్ ఆయిల్స్ (మొక్కల నుంచి తీసే సుగంధ తైలాలు) వార్తలు బాగా ఎక్కువయ్యాయి. ఫలానా నూనె పెదవి మీద పొక్కులు తెప్పించే హెర్పీస్ వైరస్‌ని తొంభై శాతానికి పైగా చంపేసిందట, ఫలానా ఆకు తైలానికి మందులకు లొంగని వైరస్ కూడా లొంగిందట. ఇవన్నీ అబద్ధాలని నేననను. ఆ పరీక్షలు నిజంగానే జరుగుతాయి, ఆ అంకెలూ నిజంగానే వస్తాయి. వైరాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నదాన్ని కాబట్టి అవి ఎలా వస్తాయో నాకు తెలుసు. నా బాధల్లా ఒక్కటే, వైరస్‌కి నూనె ఎప్పుడు తగిలించారన్న సంగతి మీ వార్తల్లో ఎక్కడా కనబడదు. కిటుకంతా అక్కడే ఉంది.

ముందు ఆ పరీక్ష ఏమిటో చెప్తాను. కోతి మూత్రపిండం నుంచి వచ్చిన కణాల్ని (1962లో జపాన్‌లో మొదలుపెట్టిన వీరో కణాలనే చాలా ల్యాబ్‌లు ఇప్పటికీ వాడుతున్నాయి) ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో అడుగున ఒకే పొరలా పెంచుతాం. వాటి మీద లెక్కపెట్టడానికి వీలయ్యేంత కొద్ది వైరస్ వేసి, గంటసేపు ఆగి, పైన చిక్కటి ద్రవం పోస్తాం, కొత్తగా పుట్టిన వైరస్ ఎక్కడికో కొట్టుకుపోకుండా పక్క కణానికే అంటుకోవాలని. రెండు మూడు రోజులయ్యాక క్రిస్టల్ వయొలెట్ రంగు వేస్తే బతికున్న కణాలు ఊదారంగు పట్టుకుంటాయి, వైరస్ తినేసిన చోట గుండ్రంగా ఖాళీ చుక్కలు మిగులుతాయి. వీటిని ప్లాక్‌లంటారు. ప్లేటుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అడుగున మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టడమే పని, మెడ నొప్పి ఉచితం. నూనె లేని గుంటలో అరవై చుక్కలుండి, నూనె పడిన గుంటలో ముప్పై ఉంటే సగం తగ్గించిందని లెక్క.

ఇప్పుడు అసలు విషయం. నూనెని ముందే కణాలకి పట్టించి, కడిగేసి, ఆ తర్వాత వైరస్ వేయొచ్చు. లేదా వైరస్‌నే విడిగా ఒక ట్యూబులో నూనెతో కలిపి గంటో రెండు గంటలో ఉంచి, తర్వాత కణాల మీద పోయొచ్చు. వైరస్ కణాన్ని అంటుకుంటున్న సమయంలో వేయొచ్చు. అది లోపలికి దూరిపోయాక కూడా వేయొచ్చు. ఒకే నూనె, ఒకే వైరస్, అయినా ఈ నాలుగింటికీ జవాబులు వేరు. జర్మనీలో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు టీ ట్రీ, నీలగిరి, పెప్పర్‌మింట్, థైమ్, అల్లం, చందనం లాంటి నూనెల్ని ఏళ్ల తరబడి ఈ పద్ధతిలో పరీక్షించారు. దాదాపు ప్రతిసారీ గట్టి ఫలితం వచ్చింది రెండో పద్ధతిలోనే, అంటే కణం బయట ఒంటరిగా ఉన్న వైరస్‌ని నూనెలో నానబెట్టినప్పుడు. కణంలోకి దూరాక నూనె వేస్తే చుక్కల లెక్క పెద్దగా తగ్గదు. కారణం అంతుపట్టనిదేమీ కాదు. హెర్పీస్ వైరస్‌కి బయట కొవ్వుతో చేసిన తొడుగు ఉంటుంది, నూనెలో వాసననిచ్చే టెర్పీన్లనే పదార్థాలు ఆ తొడుగునీ దాని మీది ప్రొటీన్లనీ చెడగొడతాయని అనుకుంటున్నారు. ఆ మాటకొస్తే ట్యూబులో సబ్బునీళ్లు కలిపినా ఈ వైరస్ చస్తుంది. అలాగని సబ్బు హెర్పీస్‌కి మందని ఎవరూ వార్త రాయరు కదా!

ఒంట్లో జరిగేది వేరు. పెదవి మీద చుర్రుమని పొక్కు లేచేసరికే వైరస్ కణాల లోపల ఉంటుంది, ఒక కణం నుంచి పక్క కణంలోకి నేరుగా పాకుతుంటుంది. తగ్గిపోయాక ముఖానికి సంబంధించిన నరాల ముడిలో దాక్కుని నిద్రపోతుంది, జ్వరమో ఎండో టెన్షనో తగిలినప్పుడు మళ్లీ లేస్తుంది. యాభై ఏళ్లలోపు వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి హెచ్‌ఎస్‌వి-1 (పెదవి పొక్కులు ఎక్కువగా తెప్పించే హెర్పీస్ రకం) ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అంటే మీ పాఠకుల్లో చాలామందికి ఇది సొంత విషయమే. ఆ నరాల ముడి దాకా పెదవి మీద రాసిన ఏ నూనే చేరదు. హెర్పీస్‌కి డాక్టర్లు రాసే ఎసైక్లోవిర్ అనే మందు కూడా నిద్రపోతున్న వైరస్‌ని తీసేయలేదు, ఆ మాట నిజమే. కానీ అది పనిచేసే చోటు కణం లోపల. వైరస్ సొంత ఎంజైమ్ థైమిడిన్ కైనేజే దాన్ని క్రియాశీలం చేస్తుంది, అందుకే వైరస్ ఉన్న కణంలోనే గట్టిగా పనిచేస్తుంది, మిగతా కణాల జోలికి పెద్దగా పోదు. నూనెకి అలాంటి ఎంపిక లేదు.

ఎంపిక అన్నాను కాబట్టి రెండో అంకె గురించి కూడా చెప్పాలి, మీ వార్తల్లో అదీ కనబడదు. నూనె వైరస్‌ని సగానికి తగ్గించే గాఢత ఎంత, కణాల్లో సగాన్ని చంపేసే గాఢత ఎంత, ఈ రెండిటి మధ్య ఎంత ఎడం ఉందన్నదే మాకు ముఖ్యం. హైడెల్‌బర్గ్ వాళ్ల 2001 నాటి లెక్కలే చూడండి. టీ ట్రీ నూనె హెచ్‌ఎస్‌వి-1 ప్లాక్‌లని సగానికి తగ్గించింది 0.0009 శాతం దగ్గర. వినడానికి అద్భుతంగా ఉంది. కానీ 0.006 శాతం దగ్గర కణాల్లో సగం పోయాయి. ఎడం ఏడు రెట్లు కూడా లేదు. నీలగిరి తైలానికైతే 0.009, 0.03, అంటే మూడు రెట్ల పైచిలుకు. కణాల మీద పరీక్షల్లో ఎసైక్లోవిర్‌కి ఈ ఎడం వందల్లో, వేలల్లో ఉంటుంది. చర్మం ప్లేటులోని ఒంటి పొర కణాల్లాంటిది కాదు, పైన మృతకణాల కవచం ఉంటుంది కాబట్టి ఈ అంకెల్ని నేరుగా పెదవికి అన్వయించకూడదు, ఒప్పుకుంటాను. అయితే ‘98 శాతం తగ్గింది’ అన్న అంకెని మాత్రం నేరుగా పెదవికి అన్వయిస్తూ ఎందుకు రాస్తున్నారు?

ల్యాబ్ పనిలోనూ తప్పుదారులు చాలా ఉన్నాయి. నూనె నీళ్లలో కలవదు, డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలోనో ఆల్కహాల్‌లోనో కరిగించి వేయాలి, మరి ఆ ద్రావణి ఒక్కదాన్నే వేసిన గుంట కూడా పక్కన ఉండాలి. ట్యూబులో నానబెట్టిన వైరస్‌ని బాగా పలచబరచకుండా పోస్తే దాంతోపాటు నూనె కూడా కణాల మీద పడుతుంది, అప్పుడు నూనె వైరస్‌ని ఆపిందో కణాన్నే పాడుచేసిందో చెప్పలేం. పైగా ఇవి ఆవిరయ్యే నూనెలు. 96 గుంటల ప్లేటులో ఒక గుంటలోని ఆవిరి పక్క గుంటలోకి పోతుంది, నూనె లేదనుకున్న కంట్రోల్ గుంటలో కూడా కణాలు నీరసంగా కనబడతాయి. ఇంక్యుబేటర్ తలుపు తీయగానే వాసన గుప్పుమందంటే ఆ రోజు ప్లేటుని నేను నమ్మను.

ఇంకో సంగతి, సీసా మీద పేరు ఒకటే ఉన్నా లోపల సరుకు ఒకటే ఉండదు. మొక్క ఏ రకం, ఎక్కడ పెరిగింది, ఎప్పుడు కోశారు, ఎంత పాతబడింది, వీటన్నిటినీ బట్టి నూనె మారిపోతుంది. థైమ్‌లోనే థైమాల్ అనే పదార్థం ఎక్కువున్న రకం ఉంది, లినలూల్ అనే ఇంకో పదార్థం ఎక్కువున్న రకమూ ఉంది. టీ ట్రీ నూనెకి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందులో టెర్పినెన్-4-ఆల్ అనే ముఖ్య పదార్థం కనీసం 35 శాతం ఉండాలంటుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీలో (నూనెలోని పదార్థాల్ని విడదీసి కొలిచే పరీక్ష) ఏ పదార్థం ఎంత ఉందో చూపించని పేపర్‌ని మేం పక్కన పెట్టేస్తాం.

మనుషుల మీద చేయలేదా అంటే చేశారు, తక్కువే గానీ చేశారు. 2001లో ఆస్ట్రేలియాలో పెదవి హెర్పీస్ మళ్లీ మళ్లీ వచ్చే ఇరవై మంది మీద 6 శాతం టీ ట్రీ జెల్ పరీక్షించారు. జెల్ రాసుకున్నవాళ్లకి పుండు మానడానికి 9 రోజులు, ఉత్తుత్తి జెల్ వాళ్లకి 12.5 రోజులు పట్టింది. ఆశ పుట్టించే తేడానే, కానీ అంత తక్కువ మందిలో అది యాదృచ్ఛికం కాదని తేల్చలేకపోయారు. వదిలేసినా వారం రెండు వారాల్లో మానిపోయే పుండు ఇది, ఏది రాసినా పనిచేసినట్టే అనిపిస్తుంది. దానికి తోడు వాసన సమస్య. అసలు జెల్ ఎవరిదో, ఉత్తిది ఎవరిదో తెలియకూడదంటే, పెప్పర్‌మింట్ వాసనని ఎక్కడ దాస్తారు?

ఇంత చెప్పినా ఈ పరిశోధన దండగ అని మాత్రం అనుకోవడం లేదు. ఎసైక్లోవిర్‌కి లొంగని వైరస్‌లు మామూలు మనుషుల్లో అరుదు గానీ, రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్లలో నిజంగానే ఇబ్బంది పెడతాయి. ఆ వైరస్ సాధారణంగా థైమిడిన్ కైనేజ్‌ని వదులుకుని తప్పించుకుంటుంది. తొడుగుని దెబ్బతీసే నూనెకి ఆ ఎంజైమ్‌తో పనే లేదు కాబట్టి అల్లం, థైమ్, చందన తైలాలు ల్యాబ్‌లో అలాంటి వైరస్‌ల మీద కూడా పనిచేశాయి. మాత్ర వేసుకుంటూనే పైన రాసుకునే పూతగా, పుండు నుంచి బయటికొచ్చే వైరస్‌ని తగ్గించి పక్కవాళ్లకి అంటకుండా చూసేదిగా ఏదైనా తయారవ్వొచ్చు. అది వెతకదగ్గ దారే. ‘హెర్పీస్‌కి విరుగుడు దొరికింది’ అన్నది మాత్రం వేరే కథ.

వార్త చదివి నూనె సీసా తెచ్చుకునేవాళ్ల కోసం ఇంకొంచెం. పలచబరచని టీ ట్రీ నూనె రాస్తే కొందరికి చర్మం ఎర్రబడి దద్దుర్లొస్తాయి. నీలగిరి తైలం మింగిన చిన్నపిల్లలకి ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. కంటికి హెర్పీస్ సోకితే చూపే పోవచ్చు, అక్కడ నూనె మాటే ఎత్తకూడదు, వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి పోవాలి. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లు ఏ నూనె రాసుకున్నా సరే, పురిటిబిడ్డని ముద్దు పెట్టుకోకూడదు.

ఇకమీదట ఇలాంటి ప్రెస్‌నోట్ మీ డెస్క్‌కి వస్తే ఆ పరిశోధకులకి ఒక ఫోన్ చేయించండి. వైరస్ కణంలోకి పోకముందే దానికి నూనె తగిలిందా, పోయాక తగిలిందా, కణాల్ని చంపే గాఢత ఎంత, మనుషుల మీద చేశారా అని అడగమనండి. రెండు నిమిషాల పని. ‘ప్లేటులో పెంచిన కణాల మీద మాత్రమే’ అన్న ముక్కని చివర్లో ఎక్కడో కాకుండా మొదటి పేరాలోనే వేయండి. హెడ్డింగ్ ఎలా పెట్టుకుంటారో మీ ఇష్టం.

ఇట్లు,
వైరాలజీ ల్యాబ్‌లో పనిచేసే ఒక పాఠకురాలు