నెలకి 750 హైజీన్ ఫీజు, అన్నిటికీ ఒకటే గుడ్డ

డే కేర్ హెడ్ ఆఫీస్ వారికి,

నమస్తే అండి. హైదరాబాద్‌లో మీ బ్రాంచ్‌లో చిన్నపిల్లల రూమ్‌లో ఉండే రెండేళ్ళ బాబు వాళ్ళ అమ్మని. సెంటర్ ఇన్‌ఛార్జ్ మేడమ్‌కి రెండుసార్లు నోటితో చెప్పాను, యాప్‌లో కూడా పెట్టాను, "నోటెడ్ మేమ్" అని ఒక మెసేజ్ వచ్చింది, అంతే సంగతి. అందుకే మీకు రాస్తున్నా.

పోయిన నెల మావాడికి హ్యాండ్ ఫుట్ మౌత్ అనే అంటుజబ్బు వచ్చింది. నోటి నిండా పుళ్ళు, అరికాళ్ళలో ఎర్ర పొక్కులు, మజ్జిగ కూడా మింగలేక రాత్రంతా ఏడుపు, ఎనిమిది రోజులు నేనూ మా ఆయనా చెరో పూట లీవ్ పెట్టుకుని చూసుకున్నాం. పిల్లలన్నాక జబ్బులు వస్తాయి, దానికి మిమ్మల్ని అనట్లేదు. కానీ అదే రూమ్‌లో అంతకుముందే ముగ్గురికి వచ్చిందని గేటు దగ్గర ఇంకో పాప వాళ్ళమ్మ చెప్తే తెలిసింది నాకు, మీ నుంచి ఒక్క ముక్క లేదు. బర్త్‌డే ఫొటోలకి మాత్రం రోజుకి పది నోటిఫికేషన్లు.

డాక్టర్ గారు ఏమన్నారంటే జ్వరం తగ్గినా మోషన్‌లో ఆ వైరస్ ఇంకా కొన్ని వారాలు వస్తూనే ఉంటుందట, డైపర్ మార్చే చోటూ మార్చిన చేతులూ ముఖ్యం అన్నారు, జెల్ శానిటైజర్‌ని నమ్ముకోవద్దు, ఈ వైరస్ మీద అది అంతగా పని చేయదు, సబ్బు పెట్టి కడగాల్సిందే అని. మీ దగ్గర చూస్తే ఎంట్రన్స్‌లో పెద్ద శానిటైజర్ స్టాండ్ ఉంది, డైపర్ మార్చే చోట సింక్ మీద సబ్బు మాత్రం లేదు.

ఇక గురువారం నా కళ్ళతో చూసింది చెప్తాను. మూడున్నరకి ముందే వచ్చి గ్లాస్ బయట నిలబడ్డాను. ఆయమ్మ ఒక పాపకి డైపర్ మార్చింది, ఆ నీలం రెక్సిన్ మ్యాట్ మూల చిరిగి లోపల స్పాంజ్ కనపడుతోంది, ఒక పసుపు గుడ్డ బకెట్‌లో ముంచి మ్యాట్ తుడిచి కుళాయి మీద ఆరేసింది. పది నిమిషాలకి స్నాక్స్ టైమ్. అదే గుడ్డ తీసి పిల్లల టేబుల్ తుడిచింది, ప్లేట్లు లేవు, అరటిపండు ముక్కలు తడి టేబుల్ మీదే పెట్టారు, మావాడు జారిపోయిన ముక్కని వేలితో నొక్కి పట్టుకుని తింటున్నాడు. మా అత్తయ్య స్టవ్ గట్టు తుడిచే మసిగుడ్డ డైనింగ్ టేబుల్ మీద పడితేనే ఇల్లు పీకి పందిరేస్తుంది, ఇది చూస్తే ఏమయ్యేదో.

దయచేసి ఆయమ్మని తీసేసి పని అయిపోయింది అనుకోకండి. అడిగితే ఆవిడ "ఏం చేయమంటారమ్మా, వారానికి రెండు గుడ్డలే ఇస్తారు, పద్దెనిమిది మంది పిల్లలకి ఇద్దరమే" అంది. తప్పు ఆవిడది కాదు, గుడ్డలు ఇవ్వని వాళ్ళది.

ఇంకోటి, ఆ బ్లీచ్ నీళ్ళ స్ప్రే బాటిల్. పాత కూల్‌డ్రింక్ సీసాకి స్ప్రే మూత పెట్టారు, మీద పేరు లేదు, తేదీ లేదు. ఎప్పుడు కలిపారు అంటే "సోమవారం కలిపిందే" అంది, నేను అడిగింది గురువారం. కలిపిన బ్లీచ్ నీళ్ళు నిల్వ ఉంటే పవర్ పోతుందండి, ఏ రోజుకి ఆ రోజు కలుపుకోవాలి. 5 శాతం బ్లీచ్ అయితే లీటరు నీళ్ళకి 20 ఎంఎల్ వేస్తే 0.1 శాతం వస్తుంది, కొలిచి పోయడానికి ఒక చిన్న కప్పు చాలు. ముందు సబ్బు నీళ్ళతో మురికి పోవాలి, ఆ తర్వాత స్ప్రే కొట్టి కొన్ని నిమిషాలు తడిగా వదిలేయాలి, మీ దగ్గర కొట్టిన క్షణంలోనే తుడిచేస్తున్నారు, అదీ పిల్లలు పక్కనే కూర్చుని ఉండగా. బాత్రూమ్‌లో అయితే బ్లీచ్, ఆసిడ్ రెండూ పక్కపక్కనే పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఆ సంగతి ఆయమ్మలకి ఎవరూ చెప్పలేదు.

శనివారం మాత్రం ఖాళీ రూమ్‌లో పొగ కొట్టి వీడియో పెడతారు, దానికే నెలకి 750. గాల్లో పొగ కొడితే గుడ్డకున్న మురికి పోదు కదండీ.

నాకు కావలసింది పెద్దదేం కాదు. డైపర్ దగ్గర గుడ్డ వేరే రంగు, టేబుల్ గుడ్డ వేరే రంగు, రోజూ ఉతికినవి. చిరిగిన మ్యాట్ మార్చండి, సింక్ దగ్గర సబ్బు పెట్టండి, బ్లీచ్, ఆసిడ్ తాళం వేసిన కప్‌బోర్డ్‌లోకి వెళ్ళాలి. నోట్లో పెట్టుకున్న బొమ్మలు వేసేందుకు ఒక టబ్ పెట్టి కడిగాకే మళ్ళీ ఇవ్వండి. ఏ జబ్బు వచ్చినా పిల్లల పేరు చెప్పకుండా అదే రోజు మాకు మెసేజ్ పెట్టండి. రెండు నెలల హైజీన్ ఫీజు 1500 వాపసు చేయండి.

50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉద్యోగులున్న ఆఫీసులు క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, సౌకర్యం ఇవ్వాలని 2017లో చట్టం మార్చారు కాబట్టే మా ఆఫీసు మీతో టై అప్ పెట్టుకుంది, అందుకే ఈ మెయిల్ మా హెచ్‌ఆర్‌కి కూడా పెడుతున్నా. వచ్చే శుక్రవారం లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, "నోటెడ్" కాకుండా.

ఈలోపు ఆ పసుపు ప్లాస్టిక్ ఏనుగుని మాత్రం పారేయండి, అందరూ కొరికి కొరికి తొండం సగమే మిగిలింది.

ఇట్లు,
టాడ్లర్స్ రూమ్‌లో ఒక బాబు వాళ్ళమ్మ