వేమన పద్యానికి ప్రోగ్రాం: తొమ్మిదో తరగతి ఛందస్సు పని

తల్లిదండ్రులకు నమస్కారం.

తెలుగు పీరియడ్‌లో నేర్చుకున్న ఛందస్సుతో తొమ్మిదో తరగతి పిల్లలు కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రోగ్రాం రాస్తున్నారు. పద్యం ఇస్తే అది గురులఘువులు (పలకడానికి ఎక్కువ, తక్కువ సమయం పట్టే అక్షరాలు) గుర్తించి, గణాలు (వాటి నిర్ణీత గుంపులు) విడదీసి, యతి (పాదం మొదటి అక్షరానికి అదే పాదంలో నిర్ణీత చోట ఉన్న అక్షరంతో పొత్తు) చూడాలి. వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చువేయించిన సి.పి.బ్రౌన్ పనిచేసిన కడప మనది. అందుకే వేమన ఆటవెలదితో మొదలుపెట్టాం.

ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. 'ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు' చూడండి: ఉప్పు, కప్పు, రంబు హగణాలు, అంటే సూర్యగణాలు; నొక్కపో రగణం, లికనుండు సలం, ఈ రెండూ ఇంద్రగణాలు. ఈ గణాల్లో ఏదీ తన జట్టులోని మరో గణానికి ముందుభాగం కాదు. కాబట్టి ఎడమ నుంచి విడదీస్తూ పోతే చాలు, వెనక్కి వచ్చి దిద్దే పనే ఉండదు.

చిక్కంతా అంతకుముందే ఉంది. మనకు రెండక్షరాలైన 'ఉప్పు' యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే సంకేతాల పద్ధతిలో) ఐదు సంకేతాలు: ఉ, ప, పొల్లు, ప, కొమ్ము. వాటిని అక్షరాలుగా కలిపాకే, పక్కన ద్విత్వం ఉంది గనుక ఉ గురువని తేలుతుంది. నిండుసున్న గురువు చేస్తుంది, అరసున్న చేయదు. రెండింటినీ ఒకే గాటన కడితే పాత పుస్తకాల పద్యాల్లో లెక్క తప్పుతుంది.

యతి ఇంకా కష్టం. పాదం మొదటి ఉ, నాలుగో గణం మొదటి నొ పోల్చి యంత్రం 'యతి తప్పింది' అంటుంది. 'కప్పురంబున్, ఒక్క' అని విడదీస్తేనే ఒకారం బయటపడి ఉకారంతో మైత్రి కుదురుతుంది. రెండో పాదం 'చూడ చూడ రుచుల జాడ వేరు'లో చూ, జా కలవవు. అక్కడ చూడ, జాడ ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలవడం. ఈ సంగతులు తెలుగు బాగా వచ్చిన పిల్లలే పట్టుకుంటున్నారు, ప్రోగ్రాంలో చేరుస్తున్నారు. యంత్రం సొంతంగా ఏదీ పుట్టించదని, ఎలా చేయాలో మనం చెప్పగలిగినదే చేస్తుందని తొలి కంప్యూటర్ ప్రోగ్రామర్‌గా పేరున్న ఏడా లవ్‌లేస్ 1843లోనే రాశారు. ఆమె కవి బైరన్ కూతురు. 'లెక్కలపిల్లకు పద్యాలెందుకు' అనే తల్లిదండ్రులకు నేను చెప్పేదీ ఇదే.

ఇంట్లో పెద్దలకు నోటికి వచ్చిన ఆటవెలదులు పిల్లలతో రాయించి పంపండి. ముందు కాగితం మీద గణాలు విడదీయించండి, ప్రోగ్రాం జవాబును దానితోనే సరిచూస్తాం. టైపు చేసి పంపేవారు యూనికోడ్‌లోనే చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినది తెరపై తెలుగులా కనిపించినా ప్రోగ్రాంకు తెలుగు అక్షరాలుగా అందదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు
కడప