పాలీకి హోదా వచ్చింది, మరి చెప్పే గురువులేరి?

సంపాదకుల గారికి నమస్కారం.

2024 జూన్‌లో రాజ్‌గిర్‌లో నలంద యూనివర్సిటీ కొత్త క్యాంపస్ ఓపెన్ చేశారు, అదే ఏడాది అక్టోబర్‌లో బౌద్ధ గ్రంథాల భాష అయిన పాలీకి కేంద్రం ప్రాచీన భాష హోదా ఇచ్చింది. రెండూ సంతోషమే. కానీ నలంద, పాలీ అనగానే ముందు గుర్తు రావాల్సిన భిక్షు జగదీశ్ కాశ్యప్ గారి పేరు మన తెలుగు పేపర్లలో నాకైతే ఎక్కడా కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం.

1908లో రాంచీలో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి, 1933లో సింహళం (ఇప్పటి శ్రీలంక) వెళ్ళి విద్యాలంకార పిరివెనలో (భిక్షువులు చదువుకునే విద్యాలయం) భిక్షువు అయ్యారాయన. తిరిగొచ్చాక కాశీలో పాలీ చెప్పారు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన సంఘరక్షిత అనే భిక్షువు లాంటివాళ్ళు అక్కడ ఆయన దగ్గరే పాలీ, అభిధమ్మం (బౌద్ధ తత్వశాస్త్రం) చదువుకున్నారు. అంత మంచి చోటు వదిలేసి బీహార్ వెళ్ళిపోయి, పాత నలంద శిథిలాల పక్కన మళ్ళీ ఒక విద్యాలయం పెట్టాలని కూర్చున్నారు. ఇస్లాంపూర్ ముస్లిం జమీందార్లు భూమి ఇచ్చారు, 1951 నవంబర్‌లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు, అదే నవ నలంద మహావిహార. ఇప్పుడు అందరూ మాట్లాడే నలంద యూనివర్సిటీ వేరు, ఇది వేరు, దానికంటే ఎన్నో ఏళ్ళు ముందుది.

భిక్షువు కాలేజీ నడపడం మామూలు విషయం కాదండీ. మధ్యాహ్నం దాటితే భోజనం ముట్టకూడదు, డబ్బు చేత్తో పట్టకూడదు అని వినయ నియమాలు (భిక్షువుల నడవడి కట్టుబాట్లు) ఒకపక్క, సర్కారు ఫైళ్ళు, గ్రాంట్లు, దేశదేశాల నుంచి వచ్చే విద్యార్థులు ఇంకోపక్క. వీటన్నిటి మధ్యలోనే మొత్తం పాలీ త్రిపిటకాన్ని, అంటే బౌద్ధుల మూల గ్రంథాలన్నిటినీ, దేవనాగరి లిపిలో 41 సంపుటాలుగా అచ్చు వేయించారు, 1956లో మొదలుపెట్టి 1961 కల్లా అయిపోయింది. అంతకుముందు మూలం పూర్తిగా చదవాలంటే రోమన్‌లోనో, సింహళ, బర్మీస్, థాయ్ లిపుల్లోనో వెతుక్కోవాల్సిందే, బుద్ధుడు తిరిగిన నేల మీద పరిస్థితి అదీ! ఆ సంపుటాల్లో ఏదైనా తెరిచి పేజీ అడుగున చూడండి, చిన్న అక్షరాల్లో సీ., స్యా., రో., మ. అని గుర్తులుంటాయి, అంటే సింహళ, సయాం (థాయ్), రోమన్, బర్మా ప్రతుల్లో ఆ మాట ఎక్కడ ఎలా మారిందో చూపిస్తున్నారన్నమాట. వేల పేజీలు ఇలాగే. ఆ ఓపిక తలుచుకుంటే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇక మన సంగతి. పుస్తకాలు దొరకట్లేదు అనే సాకు ఇప్పుడు లేదు, విపశ్యన రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సైట్‌లో త్రిపిటకం మూలం తెలుగు లిపిలోనే ఫ్రీగా ఉంది. లేనిది పక్కన కూర్చోబెట్టుకుని ఇది విభక్తి, ఇది ధాతువు అని చెప్పే మనిషి. మా బంధువుల అబ్బాయి పాలీ నేర్చుకుంటానని ఒక కాలేజీకి వెళ్ళి అడిగితే అదేం భాష, ఉద్యోగం వస్తుందా అని పంపించేశారు. సింహళ భిక్షువుల కోసం విహారమే కట్టించిన నాగార్జునకొండ ఉన్న చోట ఈ మాటా!

నాగార్జునసాగర్ దగ్గర 2022లో బుద్ధవనం తెరిచారు, స్తూపం, శిల్పాలు అన్నీ బాగున్నాయి, జనం వెళ్తున్నారు, ఫొటోలు దిగుతున్నారు. అక్కడే ఒక చిన్న పాలీ విద్యాలయం పెట్టి, చదువుకున్న భిక్షువు ఒకరిని అధిపతిగా తెచ్చి, హాస్టల్ ఇచ్చి, ఏడాదికి పది మంది పిల్లల్నైనా తీసుకోమని తెలంగాణ ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. అమరావతి దగ్గర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఇదే పని చేయొచ్చు. మీ ఆదివారం సంచికలో కాశ్యప్ గారి మీద ఒక పెద్ద వ్యాసం వేయండి, ఆయన ఎవరో తెలిస్తే ఈ డిమాండ్ నా ఒక్కడిదే అవ్వదు.

ఇట్లు,
మీ పాఠకుడు