హెడ్ నర్సయిన అక్కకి

స్వాన్సీ, వేల్స్
ఆదివారం

అక్కా,

నీకు ప్రమోషన్ వచ్చిందని, ప్రసూతి వార్డుకే హెడ్ నర్సుగా వేశారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. అమ్మ సంబరం అమ్మది. నువ్వు మాత్రం "బాధ్యత పెరిగింది, జీతం పెరిగినట్టే లేదు" అని మెసేజ్ పెట్టి, కింద ఇంకో మాట అడిగావు: "మీ దగ్గర మేనేజర్లకి దయగా ఉండమని ట్రైనింగ్ ఇస్తారటగా, దయతో వార్డు నడుస్తుందా?" ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ దాన్ని కంపాషనేట్ లీడర్‌షిప్ అంటారు. ఈ మాట ఎక్కువగా వినిపించేది మైకేల్ వెస్ట్ అనే ప్రొఫెసర్ ద్వారా. ఆయన చెప్పేవి నాలుగు: ఎదుటి మనిషి చెప్పేది మనసు పెట్టి వినడం, వాళ్ల ఇబ్బంది ఎక్కడుందో అర్థం చేసుకోవడం, ఆ బాధ మనకీ తగలడం, ఆ తర్వాత చేతనైన సాయం చేయడం. మొదటి మూడూ మొహం పెట్టి నటించొచ్చక్కా. నాలుగోది మాత్రం డ్యూటీ లిస్టులో కనిపించి తీరాలి, అక్కడ నటన కుదరదు.

ఇదేదో మెత్తటి మనుషులు సరదాకి మొదలుపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆస్పత్రి గురించి ఇక్కడ ప్రతి నర్సుకీ తెలుసు. 2005 నుంచి 2009 దాకా అక్కడ రోగులకు మంచినీళ్లు అందలేదు, తడిసిన పక్కల మీదే గంటలకొద్దీ వదిలేశారు. పైవాళ్లు ఖర్చు తగ్గించాలనీ ఆస్పత్రి హోదా పెంచుకోవాలనీ చూసుకుంటూ స్టాఫుని తగ్గించేశారు. ఇదేంటని అడిగిన నర్సుని తోటి నర్సులే బెదిరించారు. రాబర్ట్ ఫ్రాన్సిస్ అనే లాయర్ విచారణ చేసి 2013లో 290 సిఫార్సులతో రిపోర్టు ఇచ్చాడు. ప్రసూతి విషయంలో నువ్వు తెలుసుకోవాల్సింది ఇంగ్లండ్‌లోనే ష్రూస్‌బరీ ఆస్పత్రి కథ. డోనా ఆకెండెన్ అనే మిడ్‌వైఫ్ (కాన్పులు చేసే నిపుణురాలు) 1,486 కుటుంబాల కేసులు తిరగేసి 2022 మార్చిలో తుది రిపోర్టు ఇచ్చింది. వైద్యం బాగుండి ఉంటే 201 మంది బిడ్డలు బతికేవాళ్లేమోనని తేల్చింది. అక్కడి స్టాఫ్ చాలామంది తప్పు కనిపించినా నోరెత్తడానికి భయపడ్డామని ఆమెకు చెప్పుకున్నారు. నర్సుకి ఇన్‌ఛార్జి దగ్గర నోరు లేకపోతే చివరికి బిడ్డ గుండె చప్పుడు తగ్గిన సంగతి కూడా పైకి చేరదు. నాకు అర్థమైనంతలో ఈ దయ అవసరమయ్యేది ఇందుకే.

మన దగ్గర అదే ఇంకో దారిలో దిగుతుంది. డ్యూటీ డాక్టర్ హెడ్ నర్సుని అందరి ముందూ అరుస్తాడు, హెడ్ నర్సు స్టాఫ్ నర్సుని, స్టాఫ్ నర్సు ఆయమ్మని. ఆఖరికి నొప్పులతో కేకలేస్తున్న పిల్లని "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు" అని అందరూ కలిసి కసురుతారు. అత్త మీద కోపం దుత్త మీద. 2017లో కేంద్రం పెట్టిన 'లక్ష్య' పథకం ప్రకారం లేబర్ రూమ్‌లో తల్లిని గౌరవంగా చూడాలి, తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలి. గోడ మీద ఆ బోర్డు ఉంటుంది. దాని కింద నిలబడి పనిచేసే నర్సుని ఎవరు గౌరవంగా చూస్తున్నారన్నది ఏ బోర్డూ రాయదు.

మా వార్డు మేనేజర్ వేల్స్ మనిషే, రిటైర్‌మెంట్‌కి దగ్గర పడింది. ఆవిణ్ణి చూస్తే దయగల మనిషని ఎవరూ అనుకోరు. నవ్వడం తక్కువ, టీ కప్పు సింక్‌లో వదిలేస్తే ఊరుకోదు. ఆవిడ పద్ధతి నాకు తెలిసిందల్లా ఒక ఇన్సులిన్ గొడవలో. కొత్తగా వచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒక పేషెంట్‌కి ఒక రకం ఇన్సులిన్ బదులు ఇంకోటి ఇచ్చేసింది. వెంటనే తనే గుర్తుపట్టి చెప్పింది. పేషెంట్‌కి షుగర్ చూస్తూ, గ్లూకోజ్ ఇస్తూ గట్టెక్కించాం. ఆ అమ్మాయి మాత్రం వణికిపోతోంది, ఉద్యోగం పోతుంది, వీసా పోతుందని. మేనేజర్ వచ్చి ముందు పేషెంట్‌ని చూసింది. తర్వాత ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అడిగినవి ఇవి: ఆ టైమ్‌లో నీ కింద ఎంతమంది పేషెంట్లున్నారు, మందులు తీస్తుంటే మధ్యలో ఎవరు పిలిచారు, నువ్వు తిన్నావా. ఆ తర్వాత ఫ్రిజ్ తెరిచింది. రెండు పెట్టెలూ ఒకే రంగులో పక్కపక్కనే ఉన్నాయి. రెండూ వేర్వేరు అరల్లో పెట్టించి, కంప్యూటర్‌లో ఆ సంఘటన రిపోర్టు రాయడానికి ఆ అమ్మాయి పక్కనే కూర్చుంది. మందులు తీసే నర్సుని మధ్యలో ఫోన్‌కి పిలవొద్దని రిసెప్షన్‌కి గట్టిగా చెప్పింది.

ఆ తర్వాత మా వార్డు నుంచి రిపోర్టులు పెరిగాయి. పైవాళ్లు ఇదేంటని అడిగితే "ఇదివరకు తప్పులు లేక కాదు, చెప్పేవాళ్లు లేక" అందట.

అలాగని ఆవిడ ఎవర్నీ ఏమీ అనదనుకోకు. ఒకావిడ రాత్రిళ్లు బీపీ, పల్స్ చూడకుండానే చార్టు నింపేస్తోందని తేలింది. దాన్ని దాచిపెట్టలేదు. తలుపేసుకుని మాట్లాడింది, మళ్లీ నేర్పించింది, వారం వారం చార్టులు తనే చూసింది. మారకపోయేసరికి రూల్ ప్రకారం పైకి రాసింది. మాకందరికీ ఊపిరాడింది. ఒకరి బద్ధకాన్ని జాలి పేరుతో వదిలేస్తే ఆ బరువు మోసేది పక్క నర్సులే కదా. మన ఊళ్లో "పోనీలే పాపం" అని వదిలేసే ఇన్‌ఛార్జులు చాలామంది మంచివాళ్లుగా పేరు తెచ్చుకుంటారు, నాకది ఎప్పుడూ నచ్చలేదు.

ఇక్కడంతా స్వర్గమనీ అనుకోకు. నేను ముందు పనిచేసిన చోట కారిడార్ నిండా దయ గురించి పోస్టర్లే. షిఫ్ట్‌లో ఉండాల్సిన వాళ్లలో సగం మందే ఉండేవాళ్లు. ఏడుస్తూ వెళ్లిన వాళ్లకి మెడిటేషన్ క్లాసుకి రమ్మని ఈమెయిల్ వచ్చేది. మన రంగు వాళ్ల మీద విచారణలు ఎక్కువగా పడతాయని ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) లెక్కలే ఏళ్లుగా చెబుతున్నాయి. మనుషుల్ని ఇవ్వకుండా దయగా ఉండమనడం మేనేజర్లని కూడా వేపుకు తినడమే.

అందుకే వేల్స్‌లో నాకు నచ్చింది చట్టం. 2016లో నర్సుల సంఖ్య మీద ఇక్కడ ఒక చట్టం చేశారు. మెడికల్, సర్జికల్ వార్డులకి ఎంతమంది కావాలో లెక్కేసేటప్పుడు సెలవులు, జబ్బులు, ట్రైనింగ్‌ల కోసం ముందే 26.9 శాతం కలుపుతారు. వార్డు సిస్టర్‌ని, అంటే మా మేనేజర్ లాంటి ఇన్‌ఛార్జిని, ఆ లెక్కలో చేర్చరు. అంటే ఆవిడకి పేషెంట్లని పంచరు, వార్డుని చూసుకోవడమే ఆవిడ పని. ఎవరూ రాని రోజు ఆవిడా ఏప్రన్ కట్టుకుంటుంది, అది వేరే. కానీ ఫ్రిజ్ తెరిచి చూసే తీరిక ఆవిడకి ఎక్కణ్నుంచి వచ్చిందంటే, సగం ఈ నిబంధన నుంచే. ప్రసూతి వార్డులు మాత్రం ఈ నిబంధన కిందికి రావు. మిడ్‌వైఫ్‌లకి ఇంకో ఏర్పాటుంది, మేనేజర్ కాని ఒక సీనియర్ మిడ్‌వైఫ్ సూపర్‌వైజర్‌గా ఉంటుంది. కష్టమైన కాన్పులు, చెప్పుకోలేని బాధలు ఆవిడ పెట్టే గ్రూపులో మాట్లాడుకుంటారు.

నీకు అంత మంది రారు, చట్టమూ రాదు. స్టోర్‌కి రాసే ఇండెంట్లు, దుప్పట్ల లెక్క, వచ్చిన ప్రతి ఆఫీసర్ వెనకా రౌండు, వీటి మధ్య నీకు మిగిలేది తక్కువ. అయినా నీ చేతిలో ఉన్నవి కొన్ని కనిపిస్తున్నాయి. డ్యూటీ లిస్టు నెల మొదట్లోనే గోడ మీద పెట్టేయ్, ఆఖరి రోజు దాకా నాన్చకు. పండగ డ్యూటీలు వంతులవారీగా వెయ్, నీకు చుట్టమైనా సరే. ఎవర్నయినా అనాల్సి వస్తే పేషెంట్ అటెండెంట్ల ముందు అనకు. బిడ్డ పోయిన రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయిని మర్నాడు రిజిస్టర్ అడిగే ముందు, తిన్నావా అని అడుగు, ఒక అరగంట కూర్చోనివ్వు. డాక్టర్ అరిస్తే మధ్యలో నువ్వు నిలబడు. ఇదే కష్టం, నాకు తెలుసు. ఆయనతో తర్వాత గదిలో మాట్లాడొచ్చు, కానీ ఆ అమ్మాయి మాత్రం నువ్వు ఎక్కడ నిలబడ్డావో అప్పుడే చూసుకుంటుంది.

తెలంగాణలో 2017 నుంచి మిడ్‌వైఫ్‌లకి ప్రత్యేకంగా ట్రైనింగ్ ఇస్తున్నారు కదా, అలా నేర్చుకున్న వాళ్లెవరైనా మీ దగ్గరుంటే వాళ్లని స్టోర్ రూమ్ పనికి వెయ్యకు. లేబర్ రూమ్‌లోనే ఉంచు, కొత్త నర్సులు వాళ్లని చూసి నేర్చుకుంటారు.

నీ సంగతి ఎవరు చూస్తారన్నది నాకు టెన్షన్. ఇక్కడ మేనేజర్లే నెలకోసారి కలిసి కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటారు. పక్క వార్డుల హెడ్ నర్సులతో నువ్వూ అలా ఓ టీ పెట్టుకోకూడదూ?

ఈ నెల డ్యూటీ లిస్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నైట్లు ఎవరి మీద ఎక్కువ పడ్డాయో ఇద్దరం చూద్దాం. బావకి, పిల్లలకి అడిగానని చెప్పు. అమ్మని షుగర్ మాత్రలు మానొద్దను.

నీ చెల్లి